కెనాన్‌లోనే ఉందామా, సోనీకి మారదామా: ఏది మేలు?

మూఢం రాగానే అనంతపురం, కర్నూలు పెళ్లి ఫోటోగ్రాఫర్ల దగ్గర మొదలయ్యే లెక్క ఇది. డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే పాత రకం కెమెరా) వదిలి అద్దం లేని మిర్రర్‌లెస్‌కు పోవాలి సరే, ఉన్న కంపెనీలోనే పోదామా, మారిపోదామా? బాడీని చూసి కాదు, బీరువాలోని లెన్సులను చూసి తేల్చుకోవాల్సిన సంగతి.

కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌కు వాడే ఈఎఫ్ లెన్సులు రెండు మూడు ఉంటే మారకపోవడమే మేలు. లెన్సు బిగించే రింగు నుంచి సెన్సర్‌కు దూరం ఈఎఫ్‌లో 44 మి.మీ., కెనాన్ మిర్రర్‌లెస్ రకమైన ఆర్‌ఎఫ్‌లో 20. ఆ 24 మి.మీ. తేడాను పూడ్చేదే అడాప్టర్. లోపల గాజు లేదు గనుక బొమ్మ చెడదు. పాత 70-200 జూమ్ కూడా కెనాన్ మిర్రర్‌లెస్ ఆర్6 మీద కంటిని పట్టుకుని ఫోకస్ చేస్తుంది. పాత డీఎస్‌ఎల్‌ఆర్ 5డీ మార్క్ 3 బ్యాటరీలూ పనికొస్తాయి, వరసగా ఫోటోలు తీసే (బరస్ట్) వేగమే తగ్గుతుంది.

చిక్కంతా చిన్న సెన్సర్ బాడీల కోసం చేసిన ఈఎఫ్-ఎస్ లెన్సులతో. వాటిని ఆర్6కు తగిలిస్తే ఫ్రేము దానంతటదే క్రాప్ అయి 20 మెగాపిక్సెళ్లు సుమారు 8కి పడిపోతాయి. ఆ ఫోటోను 12×36 ఆల్బమ్ షీటు నిండా పరిస్తే అంగుళానికి 95 పిక్సెళ్లే. వాటిని అమ్మేయండి.

అవే ఈఎఫ్ లెన్సులను సోనీ బాడీకి అడాప్టర్‌తో వాడదామనుకోవద్దు. నిలబెట్టి తీసే ఫోటోలకు సరే. తలంబ్రాల దగ్గర, తక్కువ వెలుతురులో ఫోకస్ ముందుకూ వెనక్కూ వెతుక్కుంటూనే ఉంటుంది. కాబట్టి సోనీకి మారితే లెన్సులు, బ్యాటరీలు, ఫ్లాష్‌ను దూరం నుంచి వెలిగించే ట్రిగ్గర్ అన్నీ కొత్తవే. గోడాక్స్ కంపెనీ కెనాన్ కోసం చేసిన ఫ్లాష్‌లను మాత్రం ఉంచుకోవచ్చు. సోనీ ట్రిగ్గర్ పెడితే స్టాండ్ మీద వెలుగుతాయి, కెమెరా నెత్తిన పెడితే టీటీఎల్ (ఫ్లాష్ వెలుగును కెమెరాయే సరిచేసుకోవడం) ఉండదు.

సోనీ గెలిచేది వేరేచోట. 2011లోనే తన లెన్సులు బిగించే ఈ-మౌంట్ వివరాలను ఇతర కంపెనీలకు ఇచ్చింది కాబట్టి సిగ్మా, టామ్రాన్ ఎఫ్2.8 జూమ్‌లు తక్కువ ధరకే దొరుకుతాయి. కెనాన్ 2024లో ఆ ఇద్దరికీ అనుమతిచ్చింది చిన్న సెన్సర్‌కు సరిపోయే ఏపీఎస్-సీ లెన్సులకే. చేతిలో కెమెరాతో వచ్చిన కిట్ లెన్సు, ఒక 50 ఎం.ఎం. తప్ప ఏమీ లేనివాళ్లు నిశ్చింతగా సోనీకి పోవచ్చు.

నికాన్ వాళ్లు లెన్సు వెనక లోహపు రింగును పరీక్షగా చూడండి. అందులో గాడి ఉన్న చిన్న స్క్రూ తల కనిపిస్తే అది ఏఎఫ్-డీ రకం, బాడీలోని మోటారుతో తిరిగేది. పాత నికాన్ లెన్సులను జెడ్ మిర్రర్‌లెస్‌కు కలిపే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్లలో ఆ మోటారు లేదు, చేత్తో ఫోకస్ చేసుకోవాల్సిందే. సొంత మోటారున్న ఏఎఫ్-ఎస్ లెన్సులైతే జెడ్‌లో హాయిగా నడుస్తాయి.

ఏ కంపెనీకి పోయినా ఫంక్షన్ హాలు ఎల్‌ఈడీ గోడ ముందు సైలెంట్ షట్టర్ వాడొద్దు, చారలు పడతాయి. మెకానికల్ షట్టర్, 1/100 పెట్టండి. లెన్సు మార్చేటప్పుడు సెన్సర్ మీద పడే దుమ్ము సంగతీ ఉంది. పవర్ ఆపగానే ఆర్6 షట్టర్ సెన్సర్‌కు అడ్డంగా మూసుకుంటుంది, సోనీ ఏ7-4లో మెనూలో ఆన్ చేయాలి, ఏ7-3లో ఆ వీలే లేదు. మన గాలిలో ఇది చిన్న విషయం కాదు.

ఇంకో లెక్క కూడా వేసుకోండి. ముహూర్తం రాత్రి లెన్సు మొరాయిస్తే ఊళ్లో ఎవరి దగ్గర అడుగుతారు? వాళ్లంతా కెనాన్ అయితే మీరొక్కరే సోనీ కొనడం కష్టం. కొనేముందు మీ పాత సిగ్మా, టామ్రాన్ లెన్సులను అడాప్టర్‌తో కొత్త బాడీకి తగిలించి, మనిషిని ఎదురుగా నడిపించి చూడండి. కొన్నింటికి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కావాలి, మరీ పాతవాటికి ఆ దారీ ఉండదు.