విశాఖ సిటీ పేజీల్లో మానసిక ఆరోగ్యం: ఐదుకు రెండు మార్కులు

రేపు ఏ వీధికి కరెంటు ఉండదో, రైతుబజారులో టమాటా కిలో ఎంతో దినపత్రికల విశాఖ సిటీ పేజీల్లో దొరుకుతుంది. వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఈ వారం ఏ మాత్ర నిండుకుందో దొరకదు. డబ్బు పెట్టి కొనే పాఠకుడికి అందే సేవగా చూస్తే, ఈ పేజీలకు ఐదుకు రెండు కంటే ఎక్కువ వేయలేం.

ఎక్కువగా వచ్చే వార్త తెలిసిందే: ‘కడుపునొప్పి తాళలేక ఆత్మహత్య’. ఇంటివాళ్లు స్టేషన్లో ఫిర్యాదు అలాగే రాయిస్తారు. పరువు ఒక కారణం, శవం త్వరగా చేతికి రావాలన్న తొందర ఇంకో కారణం. ఎస్సై ఆ కాగితం చదివి వినిపిస్తాడు, క్రైమ్ విలేకరి నాలుగు లైన్లు పంపుతాడు. హెల్త్ చూసే విలేకరి దాకా విషయం రానే రాదు. మండలాల్లో వార్తలు పంపే కంట్రిబ్యూటర్‌కి జీతం ఉండదు, లైన్ అకౌంటే, అంటే అచ్చయిన లైన్ల లెక్కన డబ్బు. చనిపోయిన మనిషి అంతకుముందు మందులు వాడాడా, వాడితే ఎందుకు మానేశాడు అని ఆరా తీయాలంటే రెండు రోజుల పని. అచ్చయ్యేది మాత్రం అవే నాలుగు లైన్లు. ఇక ఎవరు తిరుగుతారు?

ఆత్మహత్య వార్తల్లో పద్ధతి వర్ణించొద్దని, చోటు వివరాలు ఇవ్వొద్దని, ఫొటోలు వేయొద్దని ప్రెస్ కౌన్సిల్ 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. డెస్కులో కూర్చున్నవాళ్లకి తెలియక కాదు, పేజీ కట్టే వేళకు గుర్తుండదు.

ఆ రెండు మార్కులూ ఊరికే వేసినవి కావు. ఫ్యామిలీ పేజీల్లో సైకియాట్రిస్టులు ఇచ్చే జవాబులు బాగుంటాయి. కుంగుబాటుకు వాడే మాత్ర రెండు నుంచి నాలుగు వారాలకు గానీ గుణం చూపదని, బాగైందని మధ్యలో ఆపేయొద్దని తెలుగులో శుభ్రంగా చెబుతున్నారు. రెండో మార్కు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ‘టెలి మానస్’ నంబరు 14416 వేస్తున్నందుకు. కాకపోతే నంబరు వేసి వదిలేస్తున్నారు. టెలి మానస్ 2022 అక్టోబరు 10న మొదలైంది. ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే పై అంచెలో ఉన్న నిపుణులకు కలుపుతారు. ఈ రెండు వాక్యాలు కలిపితే ఫోన్ చేయడానికి జంకేవాళ్లు సగం ధైర్యం తెచ్చుకుంటారు. కేసవుతుందన్న భయం ఇంకొకటి. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, శిక్షించకూడదు అని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. ఆ మాట కూడా బాక్సులో పడాలి.

అంకెల దగ్గర మార్కు పోయింది. మానసిక సమస్యలున్నవాళ్లు ఇంతమంది అని జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో వచ్చిన 10.6 శాతాన్ని పట్టుకొచ్చి ‘జిల్లాలో ప్రతి పదిమందిలో ఒకరికి’ అని రాసేస్తుంటారు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో ఆ సర్వే చేసింది 12 రాష్ట్రాల్లో. వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు.

అసలు లోటు మందుల దగ్గర. బైపోలార్ (ఉద్రేకం, కుంగుబాటు మారి మారి వచ్చే జబ్బు) ఉన్నవారికి లిథియం ఇస్తే, చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం తీసి స్థాయి చూడాలి. తక్కువుంటే పనిచేయదు. ఎక్కువైతే చేతులు వణుకుతాయి, వాంతులవుతాయి, ప్రాణం మీదకు వస్తుంది. స్కిజోఫ్రీనియాకు వాడే క్లోజపిన్ మొదలుపెడితే తొలి 18 వారాలు వారం వారం తెల్లరక్తకణాలు లెక్కించాలి. కాబట్టి ల్యాబులో ఒక పరీక్ష ఆగినా, కౌంటర్లో ఒక మాత్ర లేకపోయినా అది వార్తే. పాడేరు నుంచి వచ్చేవాళ్లకి ఒకవైపే వంద కిలోమీటర్ల పైమాట. బస్సు ఛార్జీ, తోడొచ్చినవాళ్ల కూలి కూడా పోతాయి. ‘స్టాకు లేదు, వచ్చే వారం రండి’ అంటే చాలామంది రారు. మందు ఆగిన కొన్నాళ్లకు ముందు నిద్ర పోతుంది, తర్వాత మాట పెరుగుతుంది, ఆపైన రోడ్డెక్కుతారు. మర్నాడు ‘మతిస్థిమితం లేని యువకుడి హల్‌చల్’ అని ఫొటోతో సహా వేస్తారు. స్టాకు లేని రోజు ఒక్క విలేకరీ కౌంటర్ దగ్గరికి వెళ్లరు.

పోనీ ఎలా తెలుసుకోవాలి అంటే, పెద్ద కష్టం కాదు. 2022 ఏప్రిల్ 4న పాత విశాఖ జిల్లా మూడు ముక్కలైంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద ఒక్కో జిల్లాలో సైకియాట్రిస్టు పోస్టు నిండిందా, ఏ ఆస్పత్రిలో ఏ వారం చూస్తారు, గత ఆరు నెలల్లో ఏ మందు ఎన్ని రోజులు లేదు అని ఆర్టీఐ దరఖాస్తు పెడితే 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ‘మందుల కొరత ఉందా’ అని అడిగితే ‘లేదు’ అనే వస్తుంది. మందు పేరు, మోతాదు రాసి, స్టాకు రిజిస్టరు నకలు అడగాలి. వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరాల స్లాట్లు ఎప్పుడు తెరుస్తారో కూడా రాయొచ్చు. మానసిక వైకల్యం కనీసం 40 శాతం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటేనే 6,000 రూపాయల పింఛనుకు దారి. సోమవారం సోమవారం పది లైన్ల కాలమ్ చాలు. దానికి లైన్ లెక్కన కాకుండా నెలకింతని ఇవ్వాలి, లేకపోతే రెండో నెలకే ఆగిపోతుంది.

యూట్యూబ్ ఛానళ్లకు మార్కులే వేయలేదు. చికిత్సలో ఉన్న మనిషి ఫొటో గానీ, వివరాలు గానీ ఆ మనిషి సమ్మతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదని అదే 2017 చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. వీళ్లు ముఖం మసకచేసి, వెనకాల ఇంటి గేటునీ, పక్కనే ఏడుస్తున్న తల్లినీ తేటగా చూపిస్తారు. ఆ వీధిలో మనిషెవరో తెలియనిది ఎవరికి?