‘కేబిన్ సైజ్’ అని నమ్మించి అమ్ముతున్న ఆ నల్ల బ్యాగ్ జోలికి వెళ్ళకండి

ఒళ్ళు మండిపోతోంది, అందుకే అసలు సంగతి ముందే చెప్పేస్తున్నా. ఆ బ్యాగ్ కొనకండి. ఏ బ్యాగ్ అంటే, ఫోన్ తెరిస్తే చాలు వచ్చి పడే ఆ యాడ్ ఉంది కదా, మంచం నిండా బట్టలు పరిచి, అన్నీ చుట్టలు చుట్టి ఒకే బ్యాగ్‌లో సర్దేసి, చిటికెన వేలితో ఎత్తి చూపిస్తాడే ఒకాయన, అదే. పేరు రాయను. యాడ్ చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, చూడనివాళ్ళు అదృష్టవంతులు.

పెట్టె ఈడ్చుకుంటూ, బెల్టు దగ్గర నిలబడి లగేజీ కోసం ఎదురుచూడటం విసుగొచ్చి, ఇక విమానంలో (కేబిన్‌లోకి) చేత్తోనే తీసుకెళ్ళే ఒక్క బ్యాగ్‌తోనే తిరగాలని కొన్నాను. పేజీలో ఉన్నది ఇది: 55×35×20 సెంటీమీటర్లు, 45 లీటర్లు, ఖాళీ బరువు 1.1 కిలో, ‘ఐఏటీఏ (విమాన సంస్థల సంఘం) ఆమోదం పొందినది’. బ్యాగ్ వచ్చింది, చూడటానికి బాగానే ఉంది, సర్దుకుని బయల్దేరాను.

బోర్డింగ్ గేట్ దగ్గర స్టాఫ్ ఒకావిడ నా బ్యాగ్ వంక ఓసారి చూసి, పక్కనున్న కొలత ఫ్రేమ్‌లో పెట్టమంది. ధీమాగానే వెళ్ళాను. సగం దిగి ఆగిపోయింది. ముందు జేబు అడ్డం. జేబులో ఉన్నవి ఒక చార్జర్, ఒక పల్చటి తువ్వాలు. రెండూ తీసేశాను, అయినా దిగదు. మోచేత్తో గట్టిగా నొక్కితే దిగింది, కానీ ఈసారి బయటికి రానంది. వెనక లైన్ కదలట్లేదు, నాకు టెన్షన్. భుజం పట్టీ పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. పట్టీ నా చేతిలోకి వచ్చేసింది. బ్యాగ్ మాత్రం ఫ్రేమ్‌లోనే ఉంది.

ఇక బ్యాగ్ కేబిన్‌లోకి కుదరదు, కింద లగేజీలోకి వెళ్ళాల్సిందే అన్నారు, డబ్బు కట్టమన్నారు. కట్టాను. కిందికి వెళ్తోంది కాబట్టి పవర్ బ్యాంక్, విడి బ్యాటరీలు తీసి చేత్తో పట్టుకోమన్నారు. అది సరైన రూలే, విడి లిథియం బ్యాటరీలు చెక్ ఇన్ సామానులో పోకూడదు. కానీ ఆ పవర్ బ్యాంక్ ఎక్కడుంది? అన్నిటికంటే అడుగున. అందరూ చూస్తుండగా నేల మీద కూర్చుని, లోదుస్తులతో సహా ఒక్కొక్కటీ బయటికి తీస్తుంటే తల కొట్టేసినట్టయింది. ప్రయాణమంతా మిగిలిన ఒక్క పట్టీతో ఒంటి భుజం మీద మోసుకు తిరిగాను.

ఇదంతా ఓర్చుకోగలిగిందే. వస్తువన్నాక పాడవుతుంది, ఒకటి రెండు పీసులు చెడ్డవి వస్తాయి. నన్ను నిజంగా మండించింది ఆ తర్వాత వాళ్ళ కస్టమర్ కేర్‌తో జరిగిన చాట్.

ఊడిన పట్టీ ఫోటో పంపాను. వెంటనే జవాబు: “సార్, మీరు ఓవర్‌ప్యాక్ చేశారు.” ఏం సర్దానో అడగనే లేదు. చెబుతాను వినండి: రెండు ప్యాంట్లు, నాలుగు టీషర్టులు, లోపలి బట్టలు, 100 ఎంఎల్ లోపు సీసాలు ఒక లీటర్ పౌచ్‌లో, చిన్న ల్యాప్‌టాప్, చార్జర్లు. బరువైన బూట్లూ జాకెట్టూ ఒంటి మీదే ఉన్నాయి. దీన్నే ఓవర్‌ప్యాక్ అంటే ఇక గాలి నింపుకుని వెళ్ళాలి.

సరే అని బ్యాగ్ ఖాళీ చేసి, టేపు పెట్టి కొలిచి మళ్ళీ ఫోటోలు పంపాను. పై హ్యాండిల్‌తో కలిపి పొడవు 58. ముందు జేబుతో కలిపి మందం 24. లోపల ఏమీ లేకుండానే! తూకం వేస్తే 1.9 కిలోలు. చాలా ఎయిర్‌లైన్స్ కేబిన్‌లోకి 7 కిలోలే రానిస్తాయి, అందులో పావు వంతు పైగా ఈ మహానుభావుడి బరువే.

దానికి వచ్చిన జవాబు: “సార్, పేజీలో ఇచ్చినవి లోపలి కొలతలు.” ఆ మాట పేజీలో ఎక్కడ రాశారని అడిగాను. కాసేపు చుక్కలు ఆడాయి. తర్వాత ఇది వచ్చింది: “అది కామన్ సెన్స్ సార్. వన్ బ్యాగ్ ట్రావెల్ అందరికీ సెట్ కాదు. మీలాంటివాళ్ళకి ట్రాలీ బెటర్. మా దగ్గర ట్రాలీలు కూడా ఉన్నాయి, డిస్కౌంట్ ఇప్పించమంటారా?” చివర్లో నవ్వు బొమ్మ ఒకటి.

మీలాంటివాళ్ళకి! ఆ ఒక్క ముక్క ఎన్నిసార్లు చదువుకున్నానో. డబ్బు తీసుకునేటప్పుడు ‘స్మార్ట్ ట్రావెలర్’ని, పట్టీ ఊడాక ‘మీలాంటివాడి’ని. రిఫండ్ అడిగితే, ఫోటోలో ఎయిర్‌లైన్ ట్యాగ్ కనిపిస్తోంది కాబట్టి అది వాడిన వస్తువు, రిటర్న్ కుదరదన్నారు. ట్రావెల్ బ్యాగ్‌ని ట్రావెల్‌కి వాడటమే నేరమన్నమాట. వారంటీ సంగతేంటంటే, కుట్లు వారంటీలోకి రావట. ఇంకో మాట టైప్ చేస్తుండగానే చాట్ మూసేసి, ‘మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?’ అని అడిగారు.

ఆ లోపలి కొలతల సంగతి కాస్త చూద్దాం. 55ని 35తో, దాన్ని 20తో గుణిస్తే 38,500 ఘన సెంటీమీటర్లు. అంటే 38.5 లీటర్లు, అదీ మూలలన్నీ పదునుగా ఉన్న అట్టపెట్టె అయితే. గుడ్డ బ్యాగ్ ఇంకా తక్కువే పట్టాలి. మరి 45 ఎక్కడిది? వాళ్ళన్నట్టు లోపలి కొలతలే అనుకున్నా 38.5 దాటదు. మిగతా 6.5 లీటర్లు ముందు జేబులోవి అంటారా, అయితే ఆ జేబు మందం 20లో కలపలేదని వాళ్ళే ఒప్పుకున్నట్టు. ఎటు తిప్పినా అబద్ధమే. రెండు అంకెలూ పక్కపక్కనే ఉన్నాయి, గుణకారం చేయడానికి ఫోన్ చేతిలోనే ఉంది, అయినా చేయలేదు. నా తెలివికి నేనే దండం పెట్టుకోవాలి.

ఆ ‘ఐఏటీఏ ఆమోదం’ మరీ పచ్చి మోసం. ఆ విమాన సంస్థల సంఘం కేబిన్ బ్యాగ్‌కి 56×45×25 అని ఒక మార్గదర్శక కొలత చెబుతుంది, అదీ చక్రాలు, హ్యాండిల్, బయటి జేబులు అన్నీ కలిపి. కానీ గేట్ దగ్గర చెల్లేది మీరెక్కే ఎయిర్‌లైన్ పెట్టుకున్న కొలతే, అది ఇంతకంటే చిన్నదిగా ఉండొచ్చు. 2015లో ‘కేబిన్ ఓకే’ అని ఒక లోగో పెట్టి, 55×35×20 బ్యాగులకు దాన్ని ఇవ్వాలని ఐఏటీఏ చూసింది. విమర్శలు రావడంతో కొద్ది రోజులకే పక్కన పెట్టేసింది. మరి వీళ్ళకి ఆమోదం ఇచ్చిందెవరో!

పట్టీ ఊడిన చోటు కూడా వివరంగా చూశాను. మామూలుగా బరువు మోసే పట్టీ చివరని బ్యాగ్ గుడ్డలోకి బాగా లోపలికి పోనిచ్చి, దాని మీద పెట్టెలా నాలుగు వైపులా కుట్టి మధ్యలో ఇంటూ గుర్తు వేస్తారు, లేదా అదే చోట దగ్గర దగ్గరగా అడ్డకుట్లు వేస్తారు. ఇందులో ఉన్నది ఒకే ఒక్క వరస, అదీ గుడ్డ అంచుకి ఆనుకుని. దారం తెగి ఊడొచ్చేసింది, సూది రంధ్రాలు మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నాయి. యాడ్‌లో ‘900 డెనియర్ గుడ్డ’ అని డప్పు కొట్టారు. డెనియర్ అంటే 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. నేత నూలు ఎంత లావో చెబుతుంది, దాన్ని ఏ దారంతో ఎలా కుట్టారో చెప్పదు. నిజం చెప్పాలంటే వాళ్ళ గుడ్డ చిరగలేదు, పాపం.

ఇప్పటికే ఆర్డర్ పెట్టేసినవాళ్ళుంటే, పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. ట్యాగ్ తెంపకముందే లోపల బట్టలు నింపి, హ్యాండిల్, జేబులు కలిపి బయటి కొలతలు తీసుకోండి, తూకం వేయండి, పట్టీలు రెండూ గట్టిగా గుంజి చూడండి. ఊడేదేదో ఇంట్లోనే ఊడుతుంది. పవర్ బ్యాంక్ మాత్రం ఏ బ్యాగ్ అయినా సరే పై జేబులోనే పెట్టుకోండి.

కార్డుతో కట్టినవాళ్ళు బ్యాంకులో డిస్ప్యూట్ వేయొచ్చు. నేను వేశాను. ‘కస్టమర్ బ్యాగ్‌ని పూర్తిగా వాడుకుని తిరిగిస్తున్నాడు’ అని వాళ్ళు బ్యాంకుకి రాసి పంపారట. ఫ్రేమ్ మీద కొలతలు కనిపించేలా గేట్ దగ్గర ఒక్క ఫోటో తీసుకుని ఉంటే బాగుండేది. ఇంట్లో టేపు పెట్టి తీసినవే పంపాను, బ్యాంకు ఇంకా తేల్చలేదు.