కృష్ణానగరా, బిగ్‌బాసా, యూట్యూబా? తిరుపతి కుర్రాడికి ఏది మేలు?

"సినిమాల్లోకి పోవాలంటే ఎట్లా నా?" తిరుపతిలో డిగ్రీ పూర్తిచేసి, నటన పిచ్చి పట్టిన ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు అడిగే మాట ఇది. ఇంట్లో నిర్మాత లేడు, ఫిలింనగర్‌లో మేనమామ లేడు. అలాంటివాళ్లు ఎప్పుడైనా పక్క సందుల్లోంచే వెళ్లారు. నాగయ్య గారు చిత్తూరులో గుమాస్తాగా పనిచేస్తూ, రామవిలాస సభ నాటకాల్లో పాడుతూ పేరు తెచ్చుకుని, 1938లో 'గృహలక్ష్మి'తో తెరమీదికి వచ్చారు. పుట్టింది రేపల్లె దగ్గరైనా చిత్తూరే ఆయన ఇంటిపేరైంది. మోహన్‌బాబు మద్రాసులో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి, 1975లో 'స్వర్గం నరకం'తో నటుడయ్యారు.

ఇప్పుడు సందులు మారాయి. ఏ సందు మేలో తేల్చడానికి నేను చూసేది ఒకటే. పేరు రాకపోయినా, వచ్చి పోయినా, రెండేళ్ల తర్వాత చేతిలో ఏ పని మిగులుతుంది?

సాయంత్రం నారాయణాద్రి ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్. కృష్ణానగర్‌లో నలుగురితో కలిసి ఒక గది, ఫోన్ నిండా ఫొటోలు, ఏజెంటు పిలుపు కోసం ఎదురుచూపు. జూనియర్ ఆర్టిస్టుగా దూరితే కెమెరాకు దగ్గరైనట్టే అని చాలామంది అనుకుంటారు. పెళ్లి సీన్లో అక్షింతలు పట్టుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడ్డవాడికి నటన గురించి ఏం తెలుస్తుంది? భోజనం ఎప్పుడు పెడతారో తెలుస్తుంది. అదే కృష్ణానగర్‌కు సహాయ దర్శకుడిగా వెళ్తే లెక్క వేరు. ఆర్టిస్టుకు డైలాగు అందించడం, నిన్నటి షాట్‌లో చొక్కా చేతులు మడిచి ఉన్నాయో లేదో రాసుకోవడం, లైటు మారితే సీను ఎలా మారుతుందో చూడడం, ఇవన్నీ ఉచితంగా దొరికే చదువు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా కమెడియన్ సప్తగిరి అలా సహాయ దర్శకుడిగా చేస్తూనే నటుడయ్యాడు. జీతం మీద మాత్రం ఆశ పెట్టుకోకూడదు.

ఇక బిగ్‌బాస్. తెలుగులో 2017లో మొదలైంది, 2018 నుంచే మామూలు మనుషుల్నీ లోపలికి పంపారు. 2023లో పల్లవి ప్రశాంత్ అనే రైతు గెలిచాక, 'మనమూ పోవచ్చు' అనే నమ్మకం పల్లెల దాకా పాకింది. కానీ అతను పొలంలో తీసిన వీడియోలతో అప్పటికే ఇన్‌స్టాగ్రామ్‌లో జనానికి తెలుసు. గంగవ్వదీ అదే కథ. లంబాడిపల్లిలో మై విలేజ్ షో వీడియోలతో పేరొచ్చాకే 2020లో ఆ ఇంట్లోకి వెళ్లింది. ఆరోగ్యం బాగోక మధ్యలోనే బయటికొచ్చినా ఆమెకు పోయిందేమీ లేదు, ఎందుకంటే చేసుకునే పని ఊళ్లోనే ఉంది. అలాంటి పని లేకుండా వెళ్లినవాడి సంగతే నాకు భయం. రోజంతా తీసినదాన్ని గంటకు కుదిస్తారు. అందులో నువ్వు మంచోడివో కోపిష్టివో తేల్చేది ఎడిటింగ్ టేబుల్. పాటల పోటీలను ఈ గాటన కట్టకూడదు. 1996లో మొదలైన 'పాడుతా తీయగా' ఉష లాంటి గాయనిని జనానికి పరిచయం చేసింది. అక్కడ ఓడిపోయినా గొంతుకు సాధన మిగులుతుంది. 'జబర్దస్త్' లాంటి కామెడీ షోలు మధ్యరకం. స్కిట్ రాయగలిగినవాడు నిలబడతాడు, పక్కన నిలబడి నవ్వేవాడు మారిపోతుంటాడు.

నా ఓటు యూట్యూబ్‌కే. రాయచోటి కుర్రాడు కిరణ్ అబ్బవరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ షార్ట్ ఫిల్ములు తీసి, 2019లో 'రాజావారు రాణిగారు'తో హీరో అయ్యాడు. అనంతపురం సుజీత్ షార్ట్ ఫిల్ముల నుంచే వచ్చి 2014లో దర్శకుడయ్యాడు. ఇద్దరూ సీమ వాళ్లే. ఈ దారిలో ఉద్యోగం మానక్కర్లేదు, అమ్మ చేతి అన్నం మానక్కర్లేదు. రాయడం, కోయడం, సౌండ్ సరిచేయడం అన్నీ నీ నెత్తినే పడతాయి కాబట్టి అన్నీ వస్తాయి. ఆడపిల్లలకైతే ఇంకా మేలు. ఎవరితో పనిచేయాలో, ఎన్నింటికి ఇంటికి పోవాలో వాళ్ల చేతిలోనే ఉంటుంది. కామెంట్లలో చెత్త వాగుడును మాత్రం తట్టుకోవాలి.

మనోళ్లు తీసేవి చూస్తే రెండు లోపాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. కెమెరాకు అప్పుచేసి మైకు దగ్గర పిసినారితనం చూపిస్తారు. లీలామహల్ సర్కిల్లో ప్రేమ సీను తీస్తే ఆటో హారన్లు తప్ప హీరోయిన్ మాట వినపడదు. రెండోది యాస. ఇంట్లో "యాడికి పోతా ఉండావ్" అనేవాడు కెమెరా ఆన్ కాగానే "ఎక్కడికి వెళ్తున్నావ్" అంటూ బిగుసుకుపోతాడు. 'పుష్ప' తర్వాత చిత్తూరు యాసకు గిరాకీ వచ్చిందని సంబరపడ్డాం. అందులో హీరో పక్కనుండే కేశవ పాత్ర వేసింది తెలంగాణ అబ్బాయి! మన యాసను వాళ్లు నేర్చుకుంటే, మనం దాన్ని దాచుకుంటున్నాం. అన్నట్టు, కొండమీద రీల్స్ జోలికి మాత్రం పోవద్దు, టీటీడీ ఊరుకోదు.

యూట్యూబ్‌లో దొరకనిది ఒకటుంది: ఎదురుగా జనం. దానికి మన జిల్లాలోనే మందుంది. ధర్మరాజుల గుళ్లలో భారతం, అంటే మహాభారత కథను రోజుల తరబడి ఆడే ఉత్సవం, జరిగేటప్పుడు పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జున తపస్సు రోజున వేషగాడు పద్యాలు పాడుతూ నిలువెత్తు మాను ఎక్కుతాడు. కింద పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు తడిబట్టలతో సాష్టాంగపడి ఉంటారు. పైనుంచి విభూతి, నిమ్మకాయలు విసురుతూ పద్యం తప్పకుండా పాడాలి. అది చేసినవాడికి క్లోజప్ అంటే టెన్షన్ ఏముంటుంది? గొంతు తగ్గించడం నేర్చుకుంటే చాలు. ఒక్క ఎండాకాలమైనా ఆ నాటకాల మేళంతో తిరిగి చిన్న వేషాలు వేసి రమ్మంటాను.

రెండు మూడు షార్ట్ ఫిల్ములు చేతిలో ఉన్నాక కృష్ణానగర్ పోవచ్చు, అదీ సహాయ దర్శకుడిగా. బిగ్‌బాస్ వాళ్లు పిలిస్తే నిక్షేపంగా వెళ్లు. ఈలోగా ఏ హోటల్ హాల్లోనో ఆడిషన్ ఉంది, ఫీజు కట్టి రమ్మని ఫోన్ వస్తే మాత్రం పెట్టేయ్. వేషం ఇచ్చేవాడు డబ్బులిస్తాడు, అడగడు.