నాన్నగారి అంత్యక్రియలకు, ఆ ఏర్పాట్లన్నీ చేసే ఈ సంస్థ వాళ్ళ సర్వీసు తీసుకున్నాం, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను

నాన్నగారు కిందటి కార్తీకమాసంలో, గురువారం తెల్లవారుజామున ఇంట్లోనే నిద్రలో పోయారు. 79 ఏళ్ళు. కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాటు, ఇంట్లో నేనూ అమ్మా ఇద్దరమే, తమ్ముడు డాలస్‌లో. ఊళ్ళో అయితే పక్కింటి బాబాయి వచ్చి అన్నీ చూసుకునేవాడు. ఇక్కడ ఎవరిని లేపాలి, ముందు ఏం చేయాలి అన్నది తెలియక అరగంట అలాగే కూర్చున్నాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను, ఇలాంటి సమయంలో వెతుక్కునేవాళ్ళకి పనికొస్తుందని.

మొదట ఇంకో చోటికి ఫోన్ చేశాను. వాళ్ళు ప్యాకేజీ రేటు చెప్పి, పైన 18 శాతం జీఎస్టీ అన్నారు. నేను అకౌంట్స్‌లో పనిచేస్తాను, అంత్యక్రియలు, దహనం, మార్చురీ, శవాన్ని తీసుకెళ్ళే బండి, వీటికి జీఎస్టీ లేదు, 2017 చట్టంలోనే వాటిని పన్ను బయట పెట్టారు. ఆ గడియలో వాదించే ఓపిక ఎవరికుంటుంది? ఫోన్ పెట్టేశాను. మీ బిల్లులో ఆ లైను కనిపిస్తే మాత్రం తప్పకుండా అడగండి.

తర్వాత వీళ్ళకి చేశాను. ఫోనెత్తిన అబ్బాయి రేటు మాట ఎత్తలేదు. "అమ్మా, ఎంతసేపయింది? నేత్రదానం చేయాలనుకున్నారా?" అని అడిగాడు. నాన్నగారు ఎప్పుడూ అనేవారు, నాకే ఆ కంగారులో గుర్తు రాలేదు. ఆరు గంటలలోపే కళ్ళు తీసుకోవాలట. ఫ్యాన్ ఆపేయండి, కళ్ళు మూసి పైన తడి దూది పెట్టండి, తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తుగా ఉంచండి అని ఒక్కొక్కటీ చెప్పి, ఎల్వీ ప్రసాద్ ఐ బ్యాంకుకి ఫోన్ చేయమన్నాడు. వాళ్ళు ఇంటికే వచ్చారు, పైసా తీసుకోలేదు. ఆ ఒక్క ప్రశ్న అడిగినందుకు ఆ అబ్బాయికి జన్మంతా రుణపడి ఉంటాను.

రెండో ప్రశ్న పేస్‌మేకర్ ఉందా అని. కరెంటు దహనమైనా కట్టెలైనా ఆ వేడికి బ్యాటరీ పేలుతుందట, ముందే డాక్టరు చేత తీయించాలి. నాన్నగారికి స్టెంట్లే ఉన్నాయి, వాటితో ఇబ్బంది లేదన్నాడు. మూడోది కాగితాల సంగతి. ఆసుపత్రిలో పోతే వాళ్ళే కారణం రాసి కాగితం ఇస్తారు, ఇంట్లో పోతే ఇన్నాళ్ళూ చూస్తున్న డాక్టరు వచ్చి చూసి, మరణ కారణం రాసే 4ఎ ఫారం రాసివ్వాలి. ఆ కాగితం లేకుండా శ్మశానం దగ్గరికి వెళ్తే అక్కడ ఆగిపోతారు, కాబట్టి తెలిసిన డాక్టరు నంబరు ఇంట్లో అందరి ఫోన్లలో ఉండేలా చూసుకోండి. యాక్సిడెంటో, అనుమానమున్న చావో అయితే దారి వేరు, ముందు పోలీసులు, పోస్టుమార్టం, ఆ తర్వాతే మిగతావి.

ఫ్రీజర్ బాక్స్ గంటలో వస్తుందన్నారు, గంటా నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ అమ్మ పక్కన కూర్చుని వాకిలి వైపు చూడటం ఎంత కష్టమో చెప్పలేను, ఆలస్యమైతే ఒక ఫోన్ చేసి చెప్పాల్సింది. పెట్టె లిఫ్టులో పట్టలేదు. కింద పార్కింగ్‌లో పెడదామంటే అమ్మ "బండ్ల మధ్యనా" అంది. వచ్చిన నలుగురు కుర్రాళ్ళు మాట్లాడకుండా బకెట్లు తెచ్చి నేల కడిగి, వాచ్‌మన్ గది నుంచి వైరు లాగి ప్లగ్గు పెట్టి, తల వైపు దీపం పెట్టే చోటు చూపించారు. నాన్నగారిని మెట్ల మీదుగా దించేటప్పుడు చెప్పులు విడిచి మోశారు. రెండు రోజుల్లో ఒక్కరు కూడా "బాడీ" అనలేదు, "పెద్దాయన" అన్నారు. చల్లదనానికి పెట్టె అద్దం మీద ఆవిరి పట్టేది, అమ్మ కొంగుతో తుడుస్తూ, ముఖం కనపడగానే ఆగి, మళ్ళీ మసకేయగానే తుడుస్తూ, ఆ రాత్రంతా అదే పని. చూసి ఒక కుర్రాడు పొడి గుడ్డ తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

తమ్ముడు శుక్రవారం మధ్యాహ్నం దిగాడు, నాలుగింటికి బయల్దేరాం. నేను కూడా వస్తానంటే మేనత్త ఆడపిల్లలు రాకూడదంది. శ్మశానం వాళ్ళ వైపు నుంచి అభ్యంతరం ఏమీ ఉండదని వీళ్ళు చెప్పారు, పంతులుగారు కూడా సరేనన్నారు, వెళ్ళాను. కొడుకు లేని ఇంట్లో కూతుళ్ళు తలకొరివి పెట్టడం కూడా తరచూ చూస్తున్నామన్నారు. వైకుంఠ రథంలో వెళ్తే దింపుడు కళ్ళం ఎలా అని నాకు దిగులుగా ఉండేది, డ్రైవరు గేటు ముందు బండి ఆపి పాడె దింపించి, "చెవిలో మూడుసార్లు పిలవండమ్మా" అని తను దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. నేనూ తమ్ముడూ పిలిచాం.

కరెంటు దహనం కాబట్టి అస్థికలు అదే సాయంత్రం ఇచ్చారు, కట్టెలైతే తర్వాత మళ్ళీ వెళ్ళాలి. బీచుపల్లిలో కృష్ణలో కలిపాం, అది మా అంతట మేమే చూసుకున్నాం.

డబ్బు సంగతి. పెట్టె రెండు రోజులకి, పాడె, పూలు, కుండ, సామగ్రి, బండి, మనుషులు అన్నీ కలిపి 31,500 తీసుకున్నారు. ముందే రాసిచ్చిన అంకె అదే, మధ్యలో పెంచలేదు. కానీ పంతులుగారి సంభావన అందులో లేదన్న సంగతి శ్మశానం దగ్గర తెలిసింది, అక్కడ తమ్ముడు జేబులు తడుముకోవాల్సి వచ్చింది. అది ముందే చెప్పాలి, అందుకే ఒక స్టార్ తగ్గించాను.

మరణ ధృవీకరణ పత్రం వీళ్ళు తెచ్చివ్వరు, ఎలాగో చెప్తారు. డాక్టరు కాగితం, శ్మశానం రసీదు, ఆధార్ జాగ్రత్తగా ఉంచుకోండి, 21 రోజుల్లోపు నమోదు చేయించండి. సొంతూరికి తీసుకెళ్ళి దహనం చేసినా నమోదు మాత్రం ప్రాణం పోయిన చోటే. పేరు ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా రాయించండి, బ్యాంకు, ఎల్‌ఐసీ, పెన్షన్ అన్నిటికీ అదే చూస్తారు.

పెద్దకర్మకి భోజనాలు కూడా చేస్తామన్నారు కానీ అది మేం మా ఊళ్ళో చేసుకున్నాం, కాబట్టి ఆ వంటలు ఎలా ఉంటాయో నేను చెప్పలేను.