ఒకే విభాగమా, హోమ్ వేరుగానా?

నల్గొండ క్లాక్ టవర్ సెంటర్‌లోని డీటీపీ షాపులాంటి చోట పాత కంప్యూటర్‌లో ఉబుంటు (లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వేయాలంటే ముందు తేల్చుకోవలసింది ఇదే: డిస్కంతా ఒకే విభాగంగా (పార్టిషన్) ఉంచాలా, మన ఫైళ్లుండే హోమ్‌కు వేరే విభాగం ఇవ్వాలా? డిస్కంతా ఒకే విభాగమైతే ఖాళీ ఎక్కడుందన్న బెంగ ఉండదు. 128 జీబీ ఎస్‌ఎస్‌డీకి నా ఓటు దీనికే. ఉబుంటు 17.04 వెర్షన్ నుంచి స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌పై వాడుకునే చోటు) కూడా మామూలుగా ఫైలే కాబట్టి దానికి విడిగా విభాగం అక్కర్లేదు.

500 జీబీ ఉంటే మాట వేరు. సిస్టమ్ ఉండే రూట్‌కు 60 జీబీ, మిగిలిందంతా హోమ్‌కు ఇవ్వండి. సిస్టమ్ మొండికేస్తే రూట్‌ను మాత్రమే ఫార్మాట్ చేసి మళ్లీ వేసుకోవచ్చు. పెళ్లిపత్రికల ఫైళ్లు చెక్కుచెదరవు. మళ్లీ వేసేటప్పుడు ఇన్‌స్టాలర్‌లో హోమ్ వరుసలో 'ఫార్మాట్' గడిలో టిక్కు లేదని మాత్రం రెండుసార్లు చూసుకోవాలి. డిస్కే పోతే రెండూ పోతాయి, కాబట్టి వేరేచోట నకలు (బ్యాకప్) ఎలాగూ తప్పదు. ఇక రూట్‌కు పిసినారితనంగా 20 ఇచ్చారా, పాత కెర్నళ్లు (సిస్టమ్ మూలభాగపు పాత వెర్షన్లు), స్నాప్ ప్యాకేజీలతో (ఉబుంటులో యాప్‌లు వచ్చే ఒక రూపం) అది నిండిపోయి అప్‌డేట్లు ఆగిపోతాయి. పక్కన హోమ్‌లో ఎంత ఖాళీ ఉన్నా అక్కరకు రాదు.