ఏరేటర్లకు వోల్టేజ్ అలారం: రెండేళ్లు వాడాక

ఈ అలారం మిషన్‌లో నాకు బాగా నచ్చింది ఒక్కటే, డిలే సెట్టింగ్. అంటే తేడా కొన్ని సెకన్లు అలాగే ఉంటేనే మోగేలా పెట్టుకోవడం. అది ఉందని తెలుసుకోవడానికే ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో ఒక రాత్రి చాలా నష్టపోయాను.

రొయ్యల చెరువుల ప్యానెల్ బోర్డులో ఉంటుంది, త్రీఫేజ్ కరెంటులో తేడా వస్తే ఫోన్ చేస్తుంది. "ఇక రాత్రిళ్లు నిశ్చింతగా పడుకోవచ్చు" అని కొత్తలో అందరికీ చెప్పాను. బిగించిన కుర్రాడు లో వోల్టేజ్ 395, హై 430 పెట్టి వెళ్లాడు. మావి లైను చివర చెరువులు. చీకటి పడగానే చుట్టుపక్కల రైతులంతా ఏరేటర్లు (రొయ్యలకి ఊపిరాడేలా నీటిలో గాలి కలిపే మోటార్లు) వేస్తారు, వోల్టేజ్ 385కి దిగుతుంది. పొద్దున అందరూ ఆపేశాక 435 దాకా ఎక్కుతుంది. మాకది రోజూ ఉండేదే, మోటార్లు తట్టుకుంటాయి. అలారం మాత్రం రాత్రికి పదిసార్లు మోగేది. 395 దగ్గర ఊగుతుంటే తగ్గిందని ఒక ఫోను, సరయిందని ఇంకో ఫోను. చివరికి ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకోవడం అలవాటైపోయింది.

అలాంటి ఒక రాత్రి ఒక ఫేజ్ పోయింది. ఫేజ్ పోతే మోటార్లని ఆపేసే ప్రివెంటర్ పనిచేసి స్టార్టర్లన్నీ పడిపోయాయి కాబట్టి మోటార్లు కాలలేదు. రెండున్నరకి మిషన్ ఫోన్ చేసింది, నాకు వినపడలేదు. కాపలా మనిషి అవతలి గట్టు మీద ఉన్నాడు. అతను చూసుకుని వచ్చి తలుపు కొట్టేసరికి మూడుంపావు. టార్చి వేస్తే రొయ్యలు గట్టు వారకి చేరి నీటి పైపైన తిరుగుతున్నాయి. జనరేటర్ వేశాం. తెల్లారాక గట్టు పొడవునా చచ్చిన రొయ్యలు ఏరుకున్నాం.

ఆ తర్వాత వారం రోజులు గంటగంటకీ రీడింగులు రాశాను. మల్టీమీటర్‌తో సరిచూస్తే మిషన్ 5 వోల్టులు తక్కువ చూపిస్తోంది, సరిచేయించాను. మా మోటార్ల ప్లేటు మీద 415, పది శాతం అటూ ఇటూ అని ఉంది. అంటే 373 నుంచి 456. వోల్టేజ్ పది శాతం తగ్గితే మోటార్ బలం 19 శాతం దాకా పడిపోతుంది, కరెంటు ఎక్కువ లాగి వేడెక్కుతుంది. అందుకే లో 375 పెట్టాను, అదీ 30 సెకన్లు అలాగే ఉంటేనే మోగాలి. మళ్లీ 380 దాటితేనే సరయినట్టు లెక్క. హై 450. పక్క చెరువులో మోటార్లు స్టార్ట్ చేసినప్పుడు రెండు మూడు సెకన్లు పడే వోల్టేజ్‌కి ఇప్పుడు ఫోన్ రావడం లేదు. ఫేజ్ పోతే మాత్రం 3 సెకన్లకే మోగుతుంది. ఇప్పుడు నెలకి రెండు మూడు ఫోన్లు వస్తే ఎక్కువ, ప్రతిదానికీ లేచి వెళ్తున్నాను.

నిశ్చింత అన్న మాట మాత్రం ఇప్పుడు అంత గట్టిగా అనను. లోపల బ్యాటరీ అయిపోతే, కరెంటు మొత్తం పోయినప్పుడు అసలు ఫోనే రాదు. నెలకోసారి మెయిన్ ఆపి చూసుకుంటున్నాను. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే చెరువున్నవాళ్లకి నా అంకెలు పనికిరావు, వాళ్లకి హై వోల్టేజే ఎక్కువ ఇబ్బంది. జనరేటర్ లేనివాళ్లయితే ముందు దానికి డబ్బు చూసుకోమంటాను. మా పక్కన కొత్తగా రెండు చెరువులు తవ్వుతున్నారు. వాటిలో ఏరేటర్లు వేశాక నేనూ మళ్లీ వారం రోజులు రీడింగులు రాయాలి.