కరెంటు మెషిన్లు లేని ఫిజియో సెంటర్‌లో నా తుంటి నొప్పికి నాలుగు నెలలు (4/5)

ముందే చెప్తున్నా, పడుకుని మెషిన్ పెట్టించుకుని కళ్ళు మూసుకుంటే నొప్పి పోవాలనుకునేవాళ్ళకి మియాపూర్‌లో మా వీధి చివర మెడికల్ షాపు పైనున్న ఈ ఫిజియో సెంటర్ అస్సలు నచ్చదు. ఇక్కడ చెమట పట్టేది మనకే.

నాకు 36, పొద్దున షటిల్, తర్వాత తొమ్మిది గంటలు కుర్చీ. కిందటేడు దసరా టైంకి కుడి గజ్జల్లో పట్టేసినట్టు మొదలై, కారు దిగుతుంటే, సాక్సులు వేసుకుంటుంటే చురుక్కుమనేది, బావమరిది పెళ్ళిలో బాసింపట్టు వేసుకుని గంట కూర్చున్నందుకు లేవడానికి ఇద్దరు చెయ్యి పట్టుకోవాల్సొచ్చింది. నొప్పెక్కడ అని ఆర్థో డాక్టర్ అడిగితే బొటనవేలు వెనక్కి, మిగతా వేళ్ళు గజ్జ మీదికి పెట్టి తుంటిని గుప్పిట్లో పట్టుకున్నట్టు చూపించా, ఈ రోగం వాళ్ళు చాలామంది ఇలాగే చూపిస్తారని నవ్వాడు. ఎక్స్‌రే, ఎమ్మారై అయ్యాక హిప్ ఇంపింజ్‌మెంట్ అన్నాడు, అందులో క్యామ్ రకమట. తొడ ఎముక తల, మెడ కలిసే చోట కాస్త ఉబ్బు ఉంటుంది, మోకాలు పైకి మడిచి లోపలికి తిప్పితే అది ఆ తల కూర్చునే తుంటి గిన్నె అంచుకి తగిలి, అక్కడ చుట్టూ మెత్తటి రింగులా ఉండే లాబ్రమ్‌ని నలుపుతుంది. ఆ ఉబ్బు ఉండి కూడా ఏ నొప్పీ లేనివాళ్ళు బోలెడంతమంది ఉంటారని, ముందు మూడు నెలలు ఎక్సర్‌సైజులు చేసి రమ్మని ఆయనే పంపాడు.

మొదట వేరే చోట 15 సిట్టింగుల ప్యాకేజీ కట్టి మునిగా. రోజూ ఐఎఫ్‌టీ (నొప్పి చోట సన్నగా కరెంటు పెట్టే మెషిన్), అల్ట్రాసౌండ్ మెషిన్, చివర్లో ఒక కుర్రాడు మోకాలు తీసుకెళ్ళి ఛాతీకి ఆనించి బలంగా నొక్కడం. ఎముక తగిలేదే ఆ పొజిషన్‌లో రా బాబూ! ఎనిమిదో రోజు మానేశా, మిగతా డబ్బులు అడిగితే ఇవాళ రేపు అన్నారు, అంతే సంగతులు.

ఇక్కడ మేడమ్ మొదటి రోజు గంటసేపు నన్ను నడిపించి, కుర్చీలోంచి లేపి, కుడికాలు ఒక్కదాని మీద నిలబెట్టి నా ఫోన్‌లోనే వీడియో తీసింది. చూస్తే నడుము ఎడమవైపు జారిపోతోంది, ఇన్నేళ్ళూ నాకే తెలీదు. "ఎముక షేప్ నేను మార్చలేనండీ, చుట్టూ ఉన్న కండల్లో బలం తేగలను, అదీ మీరు ఇంట్లో చేస్తేనే" అంది. షటిల్ ఆపించింది, ఆఫీసు కుర్చీ ఎత్తు పెంచమంది, లోతు సోఫా, కింద కూర్చోడం కొన్నాళ్ళు బంద్.

ఎక్సర్‌సైజులు చూస్తే ఇంతేనా అనిపిస్తాయి, వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తే బ్రిడ్జిలు, మోకాళ్ళ మీద సైడ్ ప్లాంకు, మోకాళ్ళ పైన బ్యాండ్ కట్టుకుని పీతలాగా పక్కకి నడవడం, తర్వాత స్టెప్ ఎక్కి దిగడాలు. నాకు బాగా గుర్తుండేది స్క్వాట్ పద్ధతి: పిల్లలాడుకునే రబ్బరు మ్యాట్ ముక్కలు తొమ్మిది ఒక చెక్కపెట్టె మీద పేర్చి, వాటికి పిర్ర తగిలేదాకా కూర్చుని లేవాలి, గజ్జల్లో పొడవకపోతే పదిరోజులకో ముక్క తీసేస్తుంది. ఒకసారి అత్యాశకి రెండు తీసేశా, మూడు రోజులు కుంటా.

ఆపరేషన్‌ని మాత్రం ఈవిడ తిట్టదు, అది నాకు నచ్చింది. ఈ రోగానికే కొందరికి ఆర్థ్రోస్కోపీ (చిన్న గాట్లలోంచి కెమెరా పెట్టి చేసే ఆపరేషన్), కొందరికి ఫిజియో ఇచ్చి బ్రిటన్‌లో 348 మందితో చేసిన ట్రయల్ 2018లో లాన్సెట్ అనే మెడికల్ పత్రికలో వచ్చిందట, ఏడాదికి రెండు గ్రూపులూ మెరుగయ్యాయి, తుంటి ఎలా ఉందో చెప్పే స్కోరులో ఆర్థ్రోస్కోపీ వాళ్ళకి 100కి ఓ ఏడు పాయింట్ల దాకా ఎక్కువొచ్చిందని తనే చెప్పింది. మా షటిల్ బ్యాచ్‌లో ఒకడు ఆ సర్జరీ చేయించుకుని మూడు వారాలు క్రచెస్ మీద నడిచి, ఇప్పుడు నా పక్క మ్యాట్ మీద అవే బ్రిడ్జిలు వేస్తున్నాడు పాపం.

నాకు 14 సిట్టింగులు, 700 చొప్పున 9,800 అయింది. సాక్సులకి ఇబ్బంది లేదు, వారానికి రెండురోజులు డబుల్స్ ఆడుతున్నా, బాసింపట్టు పది నిమిషాలు దాటితే ఇంకా పట్టేస్తుంది, పెట్టె మీద మ్యాట్లు రెండు మిగిలున్నాయి.

ఒక స్టార్ తగ్గించింది వెయిటింగ్‌కి, ఆరున్నర అపాయింట్‌మెంట్ అంటే ఏడుంపావు అనుకోండి. లిఫ్ట్ లేదు, తుంటి నొప్పోళ్ళకి 22 మెట్లు, అడిగితే "అది వార్మప్ అండీ" అంటుంది. బండి మెడికల్ షాపు ముందు పెట్టకండి, ఆయన గాలి తీసేస్తాడు.